గొట్టానికి గొంతు పోతే!

పెళ్లింటికి సందడి తెచ్చేది అదే. గుళ్లో సుప్రభాతాన్ని ఊరంతటికీ మోసుకెళ్లేది అదే. ఎన్నికలొస్తే ఆటో ఎక్కి వీధులన్నీ చుట్టేదీ అదే... మైకు గొట్టం! అంత పెద్ద నోరున్నా దాని ప్రాణం మాత్రం వెనకనున్న డబ్బాలో, గోరంత మందం కూడా లేని చిన్న పొరలో ఉంటుంది. ఆ పొర పోతే గొట్టం మూగబోయినట్టే. అప్పుడు ఏది కొనాలి? కొనేముందు ఏం చూడాలి?

ఉదయం తొమ్మిదిన్నరకు ముహూర్తం. ఏడింటికల్లా మైకు సెట్టు కుర్రాడు కొబ్బరిచెట్టుకు రెండు గొట్టాలు కట్టేశాడు. సన్నాయి పాట మొదలైంది. పందిట్లో సందడే సందడి. సరిగ్గా పావుగంటకు వీధి వైపున్న గొట్టం 'బర్ర్‌ర్...' అని ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

'ఏరా అబ్బాయ్, పాటాగిందేం?' పెళ్లికూతురి పెదనాన్న కేక.

'వైరు ఊడినట్టుందండీ పెదనాన్నగారూ, ఒక్క నిమిషం!'

వైరు ఊడలేదు. లోపల కాయిల్ మాడిపోయింది. ఒక్క గొట్టంతోనే పెళ్లి గడిచింది. మాట పడ్డాడు, అద్దెలో కోత పడింది. మర్నాడు పట్నం వెళ్లి దుకాణంలో 'ఇదే సరిపోతుంది' అన్న డయాఫ్రం తెచ్చి వేశాడు. వారం తిరక్కుండా అదీ పోయింది!

ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటో కాదు. మైకు సెట్లు నడిపేవాళ్లను ఎవర్ని కదిపినా ఇలాంటిదొకటి చెబుతారు. గుడి కమిటీలకూ, బడులకూ, మసీదులకూ, చర్చిలకూ ఈ అనుభవం కొత్త కాదు. అందరూ చేసే పొరపాటు ఒకటే... పోయినదాన్ని మార్చడం, పోగొట్టినదాన్ని వదిలేయడం. డయాఫ్రం ఎందుకు పోయిందో తెలిస్తేనే దాని స్థానంలో ఏది వేయాలో తెలుస్తుంది. అది తెలియాలంటే ముందు గొట్టం ఎలా అరుస్తుందో చూడాలి.

నోటికి చేతులు అడ్డుపెట్టి...

పొలంలో దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే ఏం చేస్తాం? రెండు చేతులూ నోటికి దోనెలా పెట్టి 'ఓయ్' అంటాం. గొంతు అదే, బలం అదే. కానీ మాట గట్టు దాటి వెళుతుంది. సన్నాయి కొస పువ్వులా విచ్చుకుని ఉండేదీ, కొమ్ముబూర ఊరవతలికి వినిపించేదీ ఈ సూత్రంతోనే. చిన్న పొర ఒక్కటే గాలిని కదిలించబోతే పట్టు దొరకదు. సన్నగా మొదలై క్రమంగా వెడల్పయ్యే దారి ఆ పట్టునిస్తుంది.

గొట్టం వెనక మర తిప్పి బిగించే డబ్బాను మైకు సెట్టు వాళ్లు 'యూనిట్' అంటారు. కంపెనీ కాగితాల్లో దాని పేరు కంప్రెషన్ డ్రైవర్. అందులో బలమైన అయస్కాంతం, దాని మధ్య గుండ్రటి సన్నని సందు ఉంటాయి. ఆ సందులో గోడలకు తగిలీ తగలనట్టు వేలాడే తీగచుట్టే కాయిల్. దానికి అతుక్కుని, బోర్లించిన చిట్టి గిన్నెలా ఉండేది డయాఫ్రం. యాంప్లిఫయర్ నుంచి వచ్చే కరెంటుకు తగ్గట్టు కాయిల్ సెకనుకు వందలసార్లు, వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. దాంతోపాటే డయాఫ్రమూనూ.

కిటుకంతా దాని ముందున్న దారిలో ఉంది. డయాఫ్రం వెడల్పు కన్నా గాలి బయటికెళ్లే దారి చాలా ఇరుకు. నీళ్ల పైపు కొసను వేలితో సగం మూస్తే ధార దూరంగా చిమ్ముతుంది కదా, అలా నొక్కుకున్న గాలి వేగంగా గొట్టంలోకి వెళుతుంది. కంప్రెషన్ అన్న పేరు అందుకే వచ్చింది.

ఫలితం ఎంతంటారా? ఇళ్లలో ఉండే మామూలు స్పీకరుకు ఒక్క వాట్ ఇచ్చి, మీటరు దూరంలో కొలిస్తే 88 - 90 డెసిబెల్స్ వస్తాయి. మంచి హారన్‌కు అదే ఒక్క వాట్ ఇస్తే 105 నుంచి 110 దాకా పలుకుతుంది. 20 డెసిబెల్స్ తేడా అంటే పవర్‌లో వందరెట్ల తేడా! హారన్ ఒక్క వాట్‌తో చేసే పనికి ఆ స్పీకర్ వంద వాట్లు తాగాలన్నమాట.

నాపా నుంచి నడివీధి దాకా

ఈ సూత్రాన్ని కరెంటుతో కలిపి లోకానికి వినిపించినవాళ్లు ఇద్దరు... డెన్మార్క్‌లో పుట్టిన పీటర్ జెన్సన్, అమెరికా ఇంజినీరు ఎడ్విన్ ప్రిడమ్. కాలిఫోర్నియాలోని నాపాలో ఓ ఇంట్లో ప్రయోగాలు చేస్తూ 1915లో తమ పరికరానికి 'మాగ్నవాక్స్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో గొప్ప గొంతు అని అర్థం. అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాల్ ఎదుట చేరిన వేలాది జనానికి దాంతో పాటలూ ప్రసంగాలూ వినిపించారు. 1919లో శాన్‌డియాగోలో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆ గొట్టాల సాయంతోనే పెద్ద సభలో మాట్లాడారు.

ఇవాళ్టి యూనిట్‌కు పెద్దన్న లాంటిది 1926లో వచ్చింది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన వెంట్, థూరాస్‌ల రూపకల్పన... పేరు వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555. మాట్లాడే సినిమాలతోపాటు థియేటర్లలోకి అడుగుపెట్టింది. పలచని అల్యూమినియం డయాఫ్రం, దాని ముందు గాలికి దారి చూపే ఫేజ్ ప్లగ్ అప్పటివే. ఇప్పటి యూనిట్ విప్పి చూసినా అదే వరస కనిపిస్తుంది.

మన దేశానికొస్తే జాతీయోద్యమ సభలకు మైకులు అమర్చిన వ్యక్తిగా నానిక్ మొత్వానీ పేరు చెబుతారు. ఆయన కంపెనీ బ్రాండు 'షికాగో రేడియో'. ఆ పేరున్న మైకుల ముందు గాంధీజీ, నెహ్రూ మాట్లాడుతున్న ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత తర్వాత చాటింపు వేసే డప్పు పక్కకే గొట్టమూ వచ్చి చేరింది. ఇప్పుడు డీజే బాక్సులూ, సభల్లో వేలాడదీసే లైన్ ఎరేలూ వచ్చాయి. కానీ వాటిని విప్పి చూడండి... పైస్థాయి శబ్దాలను పలికించేది ఈ కంప్రెషన్ డ్రైవరే!

ముందు పోస్ట్‌మార్టం

యూనిట్ ఆగిపోగానే బజారుకు పరిగెత్తకండి. వైర్లు తీసేసి మల్టీమీటరు పెట్టండి. 16 ఓంల యూనిట్ అయితే మీటరు 11 నుంచి 14 మధ్య, 8 ఓంలదైతే సుమారు 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది. యూనిట్ మీద రాసిన అంకె కన్నా మీటరులో కాస్త తక్కువ రావడం మామూలే. ముల్లు కదలకపోతే కాయిల్ తెగినట్టు. మీటరు లేకపోతే 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం తాకించండి. 'టక్' మంటే ప్రాణం ఉన్నట్టే. ఇంకో మాట... ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యూనిట్ అయితే దాన్ని విడదీశాకే ఈ పరీక్షలు చేయాలి. లేదంటే మీటరు చెప్పేది ట్రాన్స్‌ఫార్మర్ సంగతి!

ఇప్పుడు వెనక మూత విప్పి డయాఫ్రం బయటకు తీయండి. ఎలా పోయిందో అదే చెబుతుంది.

కాయిల్ నల్లబడి, మాడు వాసన వేస్తోందా? మోయలేనంత పవర్ వెళ్లింది. దీని వెనక తరచూ ఉండేది తప్పు కనెక్షన్. పెద్ద యాంప్లిఫయర్లకు 4, 8, 16 ఓంల మరలతోపాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని వేరే మరలుంటాయి. అవి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హారన్ల కోసం. చీకట్లో, తొందర్లో మామూలు 16 ఓంల యూనిట్‌ను 100 వోల్టుల మరకు తగిలిస్తే? లెక్క చూడండి... వందను వందతో గుణించి 16తో భాగిస్తే 625. అంటే నలభై, అరవై వాట్ల యూనిట్ మీదికి 625 వాట్లు! మాడక ఏం చేస్తుంది?

యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను చివరిదాకా తిప్పడం రెండో కారణం. దాని శక్తి దాటాక శబ్దం పగిలి, కరెంటు అలలు పైన కత్తిరించినట్టు చదునవుతాయి. పూర్తిగా చదునైతే వంద వాట్ల యాంప్లిఫయర్ కూడా రెట్టింపు దాకా పంపగలదు. 'యాంప్లిఫయర్ చిన్నదే కదా, యూనిట్‌కేం కాదు' అన్న ధీమా అందుకే పనికిరాదు.

కాయిల్ బాగానే ఉండి, మెట్టు దగ్గర గిన్నె పగిలిందా? లేక కాయిల్ నుంచి బయటికొచ్చే సన్నని తీగ తెగిందా? అప్పుడు నేరం వేడిది కాదు, ఊపుది. గొట్టానికి ఒక హద్దుంటుంది. ఆ హద్దు కన్నా లోతైన శబ్దాలకు అది గాలిపై పట్టు ఇవ్వలేదు. శబ్దం స్థాయి తగ్గేకొద్దీ డయాఫ్రం ఎక్కువ దూరం కదలాలి. హద్దు దాటాక ఆపేవాళ్లుండరు, అడుగు లేని బావిలో బొక్కెనలా ఊగిపోతుంది. మాటలకు ఏళ్లతరబడి బతికిన యూనిట్, డప్పు మోత పాటలకు ఒక్కపూటలో పోయేది ఇందుకే.

దీనికి మందు చవకే. యూనిట్‌కు వరసగా ఒక కెపాసిటర్ వేస్తే లోతైన శబ్దాలను చాలావరకు అడ్డుకుంటుంది. 16 ఓంల యూనిట్‌కు 300 హెర్ట్జ్ దగ్గర ఆపాలంటే సుమారు 33 మైక్రోఫారడ్‌లు, 8 ఓంలకైతే 66 దాకా కావాలి. ప్లస్ మైనస్ గుర్తులు లేని నాన్‌పోలార్ రకమే వాడాలి. యాంప్లిఫయర్‌లో బేస్ మీట తగ్గించడం అంతకన్నా చవక... పైసా ఖర్చు లేదు!

ఇక, పూర్తిగా ఆగకుండా గరగరమంటుంటే సందులో దుమ్మో తుప్పో చేరి కాయిల్‌కు రాసుకుంటోందని అర్థం. వానలో తడిసిన గొట్టాలకు ఈ జబ్బు ఎక్కువ. కట్టేటప్పుడే మూతిని కాస్త కిందికి వంచితే నీళ్లు నిలవవు.

వాట్లు కాదు, డెసిబెల్స్ చూడండి

మొత్తం యూనిట్టే మార్చాల్సి వస్తే దుకాణంలో మొదట అడిగే మాట 'ఎన్ని వాట్లు?' అని. నిజానికి రెండో మాటగా అడగాల్సింది అది. 40 వాట్ల యూనిట్ తీసి 60 వాట్లది పెట్టి, దానికి తగ్గట్టు పవర్ పెంచినా పెరిగే శబ్దం రెండు డెసిబెల్స్ లోపే. చెవికి ఆ తేడా తెలిసీ తెలియనట్టుంటుంది. పవర్ రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పదిరెట్లు పెంచాలి.

అందుకే ముందు చూడాల్సింది సెన్సిటివిటీ. 'ఒక వాట్‌కు, ఒక మీటరులో ఇన్ని డెసిబెల్స్' అని రాసుంటుంది. 105 ఉన్న యూనిట్‌కు బదులు 108 ఉన్నది తెస్తే యాంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినట్టే! వాట్ల దగ్గరకొస్తే ఆర్ఎంఎస్ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. పీక్, మాక్స్ అని రాసిన పెద్ద అంకెలు అట్టపెట్టె అందానికే.

తర్వాత ఓంలు. 16 ఓంల యూనిట్లు రెండింటిని పక్కపక్కన కలిపితే 8, నాలుగు కలిపితే 4. యాంప్లిఫయర్‌లో ఆ అంకె ఉన్న మరకే తగిలించాలి. మధ్యలో ఒక్కటి 8 ఓంలది వచ్చి చేరిందా... లెక్క తప్పుతుంది, పవర్‌లో ఎక్కువ వాటా అదే లాక్కుని ముందుగా మాడుతుంది. ఊరంతా తీగలు లాగాల్సి వస్తే ట్రాన్స్‌ఫార్మర్ రకమే మేలు. అప్పుడు ఓంల గొడవ లేదు, ఒక్కో హారన్ వాట్లను కూడితే చాలు. 160 వాట్ల యాంప్లిఫయర్‌కు 30 వాట్ల చొప్పున నాలుగు కడితే 120. హాయిగా నడుస్తుంది.

చివరగా మూతి. గొట్టం మరకూ యూనిట్ మరకూ పొత్తు కుదరాలి. స్టేజీ హారన్లకు బోల్టులతో బిగించే రకాలుంటాయి. వాటి రంధ్రం ఒక అంగుళం, 1.4 అంగుళాలు, రెండు అంగుళాలు... ఇలా ఉంటుంది. అతుకు దగ్గర చిన్న మెట్టు మిగిలినా, గాలి కారినా శబ్దం పాడవుతుంది. పాత గొట్టాన్ని వెంట తీసుకెళ్లడం నామోషీ ఏం కాదు.

డయాఫ్రం కొనేటప్పుడు...

యూనిట్ బాగుండి పొర మాత్రమే పోతే కొత్త యూనిట్ అక్కర్లేదు. డయాఫ్రం ఖరీదు యూనిట్ ధరలో కొంత భాగమే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల దుకాణాల నిండా ఇవే. చిక్కంతా ఎంపికలోనే. చూపులకు అన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, లోపల సందులో తేడా మాత్రం మిల్లీమీటరులో పదోవంతుల్లో ఉంటుంది. అందుకే ఇవి సరిచూసుకోవాలి.

* యూనిట్ మీదున్న మోడల్ నంబరు పూర్తిగా రాసుకోండి. చివరి అక్షరం మారినా డయాఫ్రం మారవచ్చు.

* పాతదాన్ని పారేయకండి. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కాయిల్ లోపలి వెడల్పు, ఎత్తు, చుట్టూ ఉన్న చక్రం వెడల్పు వెర్నియర్‌తో కొలిపించండి.

* బోల్టు రంధ్రాలు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత, గిన్నె ఏ వైపు ఉబ్బి ఉంది... మూడూ కలవాలి.

* ఓంలు దుకాణంలోనే మీటరు పెట్టి చూడండి. కవరు మీది అంకెను నమ్మొద్దు.

* జంట హారన్లలో ఒకదానికి కంపెనీది, ఇంకోదానికి నకలు వేస్తే రెండూ ఒకేలా పలకవు. మార్చితే జతగా మార్చండి.

ఇక పొర దేనితో చేశారన్నది. రెసిన్ పట్టించిన గుడ్డతో చేసే ఫినాలిక్ గట్టిది. మాటలు, ప్రకటనలకు భేష్. కానీ తాళాల గలగల, వేణువు పై స్వరాలు అంతగా పలకవు. అల్యూమినియం తేలిక, పై స్వరాలు చక్కగా వస్తాయి, మొరటుతనానికి తట్టుకోదు. టైటానియం అంతకన్నా బలమైనది, స్టేజీ హారన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. కాకపోతే వంగి వంగి అలసిపోయాక చెప్పాపెట్టకుండా పగులుతుంది. చాలా ఖరీదైన వాటిలో బెరీలియం వాడతారు. అది పగిలితే దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ముక్కలను చేత్తో తుడవకూడదు.

గుడ్డ పొర ఉన్నచోట టైటానియం వేస్తే బాగా మోగుతుందిగా అని కొందరికి ఆశ. ఫేజ్ ప్లగ్‌కూ పొరకూ మధ్య ఖాళీ ఆ మోడల్‌కు లెక్కకట్టి పెట్టింది. పొర ఆకారం కాస్త మారినా ప్లగ్‌కు తగిలి పగలొచ్చు. కంపెనీ రెండు రకాలూ సరిపోతాయని చెబితే తప్ప ప్రయోగాలొద్దు.

చేయి తిరిగితే పది నిమిషాలు

బల్ల మీద ఇనుప రజను లేకుండా తుడిచి, శుభ్రమైన గుడ్డ పరవండి. అయస్కాంతం సూదిని కూడా లాక్కుంటుంది, స్క్రూడ్రైవర్ జారితే కొత్త డయాఫ్రానికి చిల్లే! పాత పొర తీశాక సందులో మిగిలిన మసి, రజను పోవాలంటే అంటుకునే టేపును జిగురు పైకి వచ్చేలా మడిచి, సందులో చుట్టూ తిప్పండి. శుభ్రంగా వచ్చేదాకా టేపు మార్చండి. ఊదితే పోదు.

కొత్తదాన్ని అంచులు పట్టుకునే దించండి, గిన్నె మీద వేలు పడకూడదు. ఎరుపు గుర్తు పాతది ఉన్న వైపే రావాలి. లేదంటే రెండు హారన్లు ఎదురెదురు పని చేసి ఒకదాని శబ్దాన్ని ఒకటి తినేస్తాయి. స్క్రూలు సైకిల్ చక్రం పుల్లల్లా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. తర్వాత సన్నని వాల్యూమ్‌లో పాట పెట్టి వినండి. గరగర లేకపోతే సరి. ఉంటే స్క్రూలు వదులు చేసి, కాస్త జరిపి మళ్లీ బిగించాలి. ఒక్క జాగ్రత్త... పొర వరకే విప్పాలి. అయస్కాంతం పలకలు విప్పితే పాతకాలపు ఆల్నికో అయస్కాంతాల బలం తగ్గిపోతుంది. మళ్లీ అతికించినా తిరిగి రాదు.

గట్టిగా కాదు, స్పష్టంగా

ఇంత కష్టపడి గొంతు తెప్పించాక మళ్లీ మీట చివరిదాకా తిప్పితే? ఒక చిన్న లెక్క. 108 డెసిబెల్స్ హారన్‌కు 40 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 124. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు చొప్పున తగ్గుతుంది. ఆ ప్రకారం ఎదురుగా వంద మీటర్ల దూరంలో ఉన్న ఇంటికీ 84 డెసిబెల్స్ చేరుతుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55, రాత్రి 45. లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగించకూడదు. పండగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. సుప్రీంకోర్టు 2005లో వీటిని గట్టిగా అమలు చేయాలని చెప్పింది.

నిజానికి చట్టం చెప్పేదీ, డయాఫ్రం కోరేదీ ఒకటే. ఒకే గొట్టాన్ని చించుకునేలా అరిపించే బదులు, నాలుగు చిన్న గొట్టాలను జనం ఉన్న వైపే తిప్పి, తలా కాస్త మోగిస్తే మాట అందరికీ చేరుతుంది. పక్కింటి పసిపాప నిద్రా చెడదు, పరీక్షకు చదివే పిల్లాడి తలా పోదు. యూనిట్ కూడా ఏళ్లతరబడి బతుకుతుంది.

ఆ పెళ్లి మైకు కుర్రాడికి ఈసారి కొత్త డయాఫ్రంతోపాటు యాంప్లిఫయర్ వెనక ఏ మర ఏదో రాసిపెట్టిన చీటీ, బేస్ తగ్గించే అలవాటూ ఉంటే చాలు. పెదనాన్నగారు మళ్లీ కేకేస్తారు. కానీ ఈసారి... 'ఒరే అబ్బాయ్, భోజనాలకు లేవమని ఒకసారి మైకులో చెప్పరా!' అని.